ఏడో ఊళ్లో గాజులాయన

బాలికల హాస్టలు, వికారాబాద్,
జూలై 15.

భాగ్య అత్తమ్మకు,

నేను బాగానే ఉన్నాను. ఆ మాట మొదట రాయకపోతే నువ్వు మిగతాది చదవవని నాకు తెలుసు. అన్నం మెత్తగా ఉంటుంది, చారు ఇంకా మెత్తగా ఉంటుంది. ఎనిమిదో తరగతి లెక్కలు మాత్రం గట్టిగా ఉన్నాయి. ఇక్కడ సెల్‌ఫోన్లు పెట్టుకోనివ్వరు, మెట్ల కింద ఉన్న ఫోను వానలకు పాడైంది. అందుకని ఈ ఉత్తరం. నీకు ఉత్తరం రాసిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

నిన్న రెండో ఆదివారం, అందరి ఇళ్లనుంచీ వచ్చే రోజు. మామ రాలేదు. జూన్‌లో నన్ను చేర్పించినప్పుడు గార్డియన్ కార్డు మీద సంతకం పెడుతూ ఏమన్నాడో నువ్వూ విన్నావు. "నెలనెలా రెండో ఐతారం గేటు కాడ అందరికన్న ముంగట నేనే ఉంట, సూడు" అన్నాడు. నేను ఏడింటికే జడ వేసుకుని కూర్చున్నాను. సాయంత్రం ఐదింటికి గేటు మూసేశారు. ఏం ఫరవాలేదు. గుల్బర్గాకు గాజుల పెట్టెలు తీసుకుని పోయి ఉంటాడు. వచ్చాక మాత్రం నేను లొల్లి చేస్తానని చెప్పు.

ఇంకో పని. మాకు తెలుగు చెప్పే స్రవ్య టీచర్ మాతో ఒక పుస్తకం తయారు చేయిస్తున్నారు. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన పాత కథ ఒకటి తీసుకుని, మా వయసువాళ్లు చదువుకునేలా మళ్లీ రాయాలి. రాజకుమారి ఉంటే ఉండొచ్చు గానీ ఊరికే కూర్చుని ఏడవకూడదట. నేను అమ్మమ్మ చెప్పే గాజులాయన కథ తీసుకున్నాను. గాజులాయన ఏడు ఊళ్ల అవతలి రాణికి గాజులు తొడగడానికి పోయి, ఆమె బావి నీళ్లు తాగి ఇంటిని మరిచిపోతాడే, అది. మొన్న ఆరో తారీఖు శనివారం భోజనం గంటలో మా గది పిల్లలకు చెప్పి చూశాను. అందరూ కంచాలు పట్టుకునే విన్నారు. ఆయన నీళ్లు తాగేచోటికి వచ్చేసరికి బెల్లు కొట్టారు, కథ అక్కడే ఆగిపోయింది.

పెళ్లాం ఆయనను వెతుక్కుంటూ పోతుంది కదా, ఒక్కో ఊళ్లో ఒక్కో ముసలమ్మ దారి చెప్పినందుకు ఏదో ఒకటి అడిగి తీసుకుంటుంది. నాలుగో ఊళ్లో ఏం అడుగుతుందో మరిచిపోయాను. అమ్మమ్మను అడిగి రాయి.

నీ
వర్షిత


ఉప్పుగూడ,
జూలై 22.

వర్షితా,

నీ ఉత్తరం అమ్మమ్మకు చదివి వినిపించాను. రెండోసారి కూడా చదివించుకుంది. ఉత్తరం రాసిన మొదటి మనిషివి నువ్వే, ఒప్పుకుంటున్నాను. పెళ్లికి ముందు మీ మామ ఒకటి రాశాడు గానీ అందులో సగం రైలు టైములే.

నాలుగో ఊళ్లో ముసలమ్మ నీడను అడుగుతుందట. వరసగా రాసుకో. మొదటి ఊళ్లో పట్టీల చప్పుడు, రెండో ఊళ్లో నిద్ర, మూడో ఊళ్లో తల వెంట్రుకలు, నాలుగో ఊళ్లో నీడ, అయిదో ఊళ్లో నవ్వు, ఆరో ఊళ్లో ఆమె పేరు. ఇవన్నీ ఇచ్చేశాక ఇంకేం మిగిలిందని మొగుడు గుర్తుపడతాడో నాకెప్పుడూ అర్థం కాదు.

మామ పని మీద వెళ్లాడు. పండగలు దగ్గర పడుతున్నాయి, ఆర్డర్లు ఎక్కువ. వస్తాడు.

నువ్వు భోజనం గంటలో కథ చెప్పావని వినగానే అమ్మమ్మ గోల మొదలుపెట్టింది. "పగటీలి కథ జెప్తే మేనమామ తొవ్వ దప్పుతడని ఎన్నిసార్ల జెప్పిన దానికి? గందుకే నా కొడుకు ఇంక రాలే" అంటోంది. ముసలి మాటలు, నవ్వుకుంటావని రాశాను. పట్టించుకోకు.

వచ్చే ఆదివారం బోనాలు. ఈసారి నేను ఎత్తడం లేదు. లక్క గాజులకు రాళ్లు అద్దీ అద్దీ మెడ పట్టేసింది.

అత్తమ్మ


వికారాబాద్,
జూలై 30.

అత్తమ్మకు,

పట్టించుకోవద్దని రాశావు. నవ్వుకుందామనే చూశాను.

అమ్మమ్మ ఆ మాట నాకు చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉంది. పగలు కథ అడిగితే నోరు మూయించేది. అమ్మ పోయాక నాకు ఉన్నది ఒక్క మామే కదా, ఆయన తప్పిపోతే ఎట్లా అని నేను కూడా అడగడం మానేశాను. ఇక్కడికొచ్చి మరిచిపోయాను. ఇక్కడ చీకటి పడ్డాక మాట్లాడనివ్వరు, అందుకని పగలు చెప్పాను. నాకు ఆ సంగతి గుర్తే రాలేదు.

ఒక్కటి రాయి. మామ ఏ రోజు బయల్దేరాడు? ఎన్నింటికి? నేను కథ మొదలుపెట్టింది శనివారం ఒంటిగంటకు. మామ అంతకుముందే రైలెక్కి ఉంటే ఏం కాదని మా పక్క మంచం పిల్ల అంటోంది. వాళ్ల ఊళ్లో కూడా ఇదే నమ్మకం ఉందట.

దాచకుండా రాయి.

వర్షిత


ఉప్పుగూడ,
ఆగస్టు 6.

వర్షితా,

శనివారం. ఒంటిగంట దాటాక వెళ్లాడు.

దాని గురించి ఆలోచించకు. నీ పాత దుప్పటి ఉతికి పెట్టాను, ఎవరైనా అటు వస్తే పంపిస్తాను. పరీక్షలు బాగా రాయి.

అత్తమ్మ


వికారాబాద్,
ఆగస్టు 14.

అత్తమ్మకు,

పదకొండో తారీఖు రెండో ఆదివారం. మామ రాలేదు. ఈసారి నేను గేటు దగ్గర కూర్చోలేదు, వస్తే పిలుస్తారు కదా అని లోపలే ఉన్నాను. ఎవరూ పిలవలేదు.

నాకు అంతా అర్థమైంది. నావల్లే. పైగా కథ సగంలో ఆగిపోయింది. గాజులాయన నీళ్లు తాగి ఇంటిని మరిచిపోయినచోట బెల్లు కొట్టారు, నేను లేచి క్లాసుకు పోయాను. ఆయనను అక్కడే వదిలేశాను. మామ కూడా అక్కడే ఆగిపోయాడు.

ఇప్పుడు కథ పూర్తిగా రాశాను. ఎవరికీ చెప్పలేదు, కాగితం మీదే రాశాను. చివరి భాగం నీకు పంపిస్తున్నాను. పొద్దుగూకాక దీపం పెట్టి అమ్మమ్మకు చదివి వినిపించు. మధ్యలో ఆపొద్దు. ఇంటికి వచ్చేదాకా చదువు.

"ఏడో ఊరు చేరేసరికి ఆమెకు పేరు లేదు, నీడ లేదు, నడిస్తే చప్పుడు లేదు. ఇంటి దగ్గర ఒక పిల్లను వదిలి వచ్చింది. ఆ పిల్ల గడపలో కూర్చుని దారి చూస్తోందన్న సంగతి ఒక్కటే ఆమెకు గుర్తుంది. గాజులాయన రాణిగారి అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్లకు గాజులు తొడుగుతున్నాడు. ఆమె ఎదురుగా నిలబడింది. ఆయన గుర్తుపట్టలేదు. ఎవరమ్మా నువ్వు, ఏ సైజు అని అడిగాడు. ఆమె మాట్లాడకుండా చెయ్యి చాపింది. ఆయన గాజు తొడగడానికి ఆమె పిడికిలి నొక్కాడు. వెయ్యి చేతులు పట్టుకున్నవాడే, అయినా ఈ చెయ్యి దగ్గర ఆయన వేళ్లు ఆగిపోయాయి. కళ్లు మరిచిపోయినా వేళ్లు మరిచిపోలేదు. పెట్టె అక్కడే వదిలి లేచాడు. ఇద్దరూ ఏడు ఊళ్లూ వెనక్కి నడిచారు. గడపలో పిల్ల లేచి నిలబడింది."

శనివారాలు భోజనం మానేశాను. మా వార్డెనుకు తెలియదు, నువ్వు చెప్పకు. మామ వచ్చేదాకానే.

వర్షిత


ఉప్పుగూడ,
సెప్టెంబరు 2.

వర్షితా, బిడ్డా,

నువ్వు చెప్పినట్టే పొద్దుగూకాక చదివాను, మధ్యలో ఆపలేదు. పిల్ల గడపలో లేచి నిలబడేచోట అమ్మమ్మ నిద్రపోయినట్టు కళ్లు మూసుకుంది. నిద్రపోలేదు.

కథ బాగా రాశావు. ఒక్కచోట తప్పు ఉంది. గాజులాయన ఆమెను మరిచిపోడు. చూడగానే గుర్తుపడతాడు.

పోయిన సోమవారం నేను గుల్బర్గా వెళ్లాను. లాడ్ బజార్‌లో మనకు పని ఇచ్చే సలీం భాయ్‌కి సంగతి మొదటినుంచీ తెలుసట. మూడుసార్లు అడిగాక నా మొహం చూడకుండా, "బెహన్, ఆప్ ఖుద్ జాకే దేఖ్ లో" అని, నన్నే వెళ్లి చూసుకొమ్మని, అక్కడి చిరునామా రాసిన చీటీ చేతిలో పెట్టాడు. ఆ రైలు వికారాబాద్‌లో రెండు నిమిషాలు ఆగింది. ప్లాట్‌ఫారం మీద నీ వయసు పిల్ల ఒకతి జామకాయలు అమ్ముతోంది. దిగి నీ దగ్గరికి రావాలనిపించింది. వస్తే మామ ఎక్కడని అడుగుతావు. దిగలేదు. తిరిగొచ్చేటప్పుడూ దిగలేదు.

బజారు మూల తిరగ్గానే ఆయనే నన్ను ముందు చూశాడు. చేతిలో ఉన్న గాజుల పెట్టె కింద పెట్టాడు. "గిట్లెందుకొచ్చినవ్" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. వెనకే ఉన్న ఇంట్లోకి తీసుకుపోయి నీళ్లు ఇచ్చాడు. లోపల ఒకామె ఉంది. నేనెవరో ఆమెకు తెలుసు. నన్ను చూసి పొయ్యి వైపు తిరిగింది. ఆయనకు అక్కడ ఇల్లు ఉంది బిడ్డా. ఏడాదిన్నరగా ఉందట. సరుకు తీసుకుపోతున్నానని చెప్పి పోయినప్పుడల్లా ఉన్నది అక్కడే. "నేనిగ రాను భాగ్యా. అమ్మకు నువ్వే ఎట్లనో సమజ్ జెయ్" అన్నాడు.

ఇంతకన్నా సిగ్గుపడాల్సింది ఇంకోటి ఉంది, అది నేను చేసింది. ఏ రోజు వెళ్లాడని నువ్వు అడిగావు. నేను శనివారమని రాశాను. అది అబద్ధం. మీ మామ గురువారం పొద్దున వెళ్లాడు. ఇస్త్రీ చొక్కాలన్నీ సర్దుకుని వెళ్లాడు. నువ్వు కథ మొదలుపెట్టడానికి రెండు రోజుల ముందు.

ఆ ఉత్తరం రాస్తుంటే అమ్మమ్మ నా పక్కనే కూర్చుంది. "శనారం అని రాయి. శనారమే పోయిండు నా కొడుకు" అంది. కొడుకు మీద తప్పు పడకుండా ఆమెకు ఏదో ఒకటి కావాలి. నాకూ కావాలి. మొగుడు వదిలేసి పోయాడని అనుకోవడం కన్నా, పిల్ల తెలియక పగలు కథ చెప్పింది, పాపం ఆయన ఎక్కడో తిరుగుతున్నాడు అనుకుంటే నాకు అన్నం సహించేది. నేను తినడం కోసం నిన్ను మాన్పించానని నీ ఉత్తరం చదివాకే తెలిసింది.

కథలు పగలు చెప్పు. ఎప్పుడైనా చెప్పు. శనివారం అన్నం తిను. నన్ను తిట్టి ఉత్తరం రాసినా సరే, తిని రాయి.

అత్తమ్మ


వికారాబాద్,
సెప్టెంబరు 10.

అత్తమ్మా,

ఉత్తరం అందింది. కావాలనే నాలుగు రోజులు జవాబు రాయలేదు. నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. మామ మీద ఎంత కోపం రావాలో నాకింకా తెలియడం లేదు, ఆయన గొంతు తలుచుకుంటే ఏడుపొస్తోంది. అమ్మమ్మ మీద కోపం రాలేదు. ఎందుకో తెలియదు.

శనివారం తిన్నాను. రెండుసార్లు వడ్డించుకున్నాను.

దసరా సెలవులు అక్టోబరు రెండు నుంచి. కార్డు మీద ఫొటో ఎవరిదో వాళ్లు వస్తేనే పంపిస్తారు. నా కార్డు మీద ఉన్నది మామ ఫొటో. ఎవరూ రాకపోతే ఇక్కడే ఉండొచ్చు, పోయినేడు ఇద్దరు ఉన్నారట. నేను అది అడగడానికి రాయడం లేదు.

ఒక్కటే అడుగుతున్నాను. ఈసారి నువ్వొక్కదానివే కూర్చుని జవాబు రాయి. గుల్బర్గాలో మామ నా గురించి అడిగాడా?

వర్షిత


ఉప్పుగూడ,
సెప్టెంబరు 19.

వర్షితా,

ముందు కార్డు సంగతి. మీ ప్రిన్సిపాల్ మేడమ్‌కు సలీం భాయ్ దుకాణం నుంచి ఫోన్ చేశాను. మీరు పిల్లకు ఏమవుతారు అని అడిగారు. మేనమామ భార్యనన్నాను. అయితే మేనమామను పంపండి అన్నారు. ఆయన రాడన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు, రక్తసంబంధం ఉన్నవాళ్లు ఎవరైనా ఆధార్ కార్డుతో రావచ్చన్నారు. అమ్మమ్మ వస్తుంది. మోకాళ్లు పట్టుకుని లేస్తుంది, రైలెక్కలేనంటుంది, అయినా వస్తుంది. వేలిముద్ర ఆమె వేస్తుంది, నిన్ను నేను తీసుకొస్తాను. నువ్వు ఒక్కదానివే అక్కడ ఉండవు.

దసరా తర్వాత సంగతి నాకు తెలియదు. మా అన్న ఎల్లేష్ జహీరాబాద్ నుంచి రెండుసార్లు వచ్చాడు, ఇక్కడ ఎవరికోసం ఉన్నావని అడుగుతున్నాడు. అమ్మమ్మను వదిలి ఎట్లా పోవాలో, పోకుండా ఎట్లా ఉండాలో తెలియడం లేదు. ఉంటానని నీకు మాట ఇవ్వను. మాట ఇచ్చి పోయినవాళ్లను మనం ఇప్పుడే చూశాం.

నేనొక్కదాన్నే కూర్చుని రాస్తున్నాను. అమ్మమ్మ పక్కింట్లో ఉంది.

అడగలేదు బిడ్డా.

మూడు కాగితాలు చింపాను. మొదటిదాంట్లో అడిగాడని రాశాను. "వర్షిత మంచిగ సదువుతుందా, లెక్కలు వస్తున్నయా" అన్నాడని రాశాను. అచ్చం ఆయన మాటలాగే వచ్చింది. అందుకే చింపాను. నీ పేరు నేనే ఎత్తుదామనుకున్నాను, కానీ ఆయనంతట ఆయన అడుగుతాడని చూశాను. గ్లాసెడు నీళ్లు ఎంతసేపు తాగాలో అంతకు నాలుగింతలు తాగుతూ కూర్చున్నాను. అమ్మ సంగతి అడిగాడు, ఇంటి తాళం సంగతి అడిగాడు. చివరికి రైలు టైమైందని నేనే లేచాను. అప్పుడు కూడా గడప దాకా వచ్చాడు, ఇప్పుడు అంటాడనుకున్నాను. అనలేదు.

మరిచిపోయి అడగలేదో, సిగ్గుపడి అడగలేదో నాకు తెలియదు. నాకు తెలియనిది తెలిసినట్టు ఇక రాయను.

నిన్న రాత్రి అన్నం పెడుతుంటే అమ్మమ్మ, "పిల్లకు బేస్తారమని రాసినవా" అంది. గురువారమనే రాశానని చెప్పాను. "మంచిగ జేసినవ్" అని కంచం పక్కకు పెట్టి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆమె కొడుకు గురించి అన్నది అదొక్కటే.

నీ మీద ప్రేమ లేక అబద్ధం రాయలేదు, ప్రేమ ఉండి నిజమూ రాయలేదు. రెండూ భయంతోనే రాశాను. నువ్వు పెద్దయ్యాక క్షమించినా సరే.

అత్తమ్మ


వికారాబాద్,
సెప్టెంబరు 26.

అత్తమ్మా,

నీ ఉత్తరం తరగతిలోనే చదివాను. చదవకుండా ఉండాల్సింది. స్రవ్య టీచర్ నన్ను బయట చెట్టు కింద కూర్చోబెట్టి, ఏమైందని అడగకుండా నా పక్కనే కాపీలు దిద్దుకున్నారు.

జవాబు నాకు ముందే తెలుసు. తెలిసే అడిగాను. మామ అడిగి ఉంటే నువ్వు గుల్బర్గా ఉత్తరంలోనే రాసేదానివి కదా, దాచుకునేదానివి కాదు. అయినా నువ్వు రాసేదాకా ఒకవేళ అనుకుంటూనే ఉన్నాను.

కథ పుస్తకానికి ఇచ్చేశాను. నువ్వు చెప్పిన తప్పు దిద్దాను. గాజులాయన ఆమెను దూరం నుంచే గుర్తుపడతాడు. పెట్టె కింద పెడతాడు. ఎందుకొచ్చావంటాడు, నీళ్లిస్తాడు. ఇంటికి మాత్రం రాడు. టీచర్ చదివి, "ఇట్లా ముగిస్తే చదివే పిల్లలు ఏడుస్తారేమో" అన్నారు. ఏడవనివ్వండి టీచర్ అన్నాను. రాజకుమారి ఏడవకూడదని అన్నారు గానీ పిల్లలు ఏడవకూడదని అనలేదు కదా. ఆమె నవ్వబోయి ఆగిపోయారు.

గాజులాయన పెళ్లాం ఆరు ఊళ్ల ముసలమ్మల దగ్గరికీ తిరిగి వెళ్లి తనవి తనకు ఇమ్మని అడుగుతుందని కూడా రాశాను. అందరూ ఇవ్వరు. నీడ, పేరు ఇస్తారు. నిద్ర ఇవ్వరు.

నువ్వు రాయనిది ఒక్కటి పెట్టాను, అది నీకు ముందే చెప్పాలి. ఆమె నీళ్లు తాగి లేస్తుంది. గడప దాటుతుంటే వెనకనుంచి గాజులాయన అంటాడు, "పిల్ల మంచిగున్నదా" అని. ఆమె వెనక్కి తిరగకుండా, ఉన్నదని చెప్పి వెళ్లిపోతుంది. అంతే. ఇంకేమీ మార్చలేదు.

ఆయన అడగలేదని నాకు తెలుసు. దసరా సెలవులయ్యేదాకా టీచర్ కాగితాలు తన దగ్గరే పెట్టుకుంటారట, తీసెయ్యమంటే తీసెయ్యొచ్చు. తీసెయ్యమని రాయకు అత్తమ్మా.

వర్షిత